సెరటోనిన్ తగ్గితే మతిమరుపు వస్తుందా? విజయవాడ నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీ నాన్నగారికి 66 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయ్యారు. పోయినేడు అమ్మగారు పోయాక మనిషి బాగా డీలా పడ్డారు. నాలుగు నెలలుగా మతిమరుపు. కాళేశ్వరరావు మార్కెట్టుకి స్కూటరు మీద వెళ్ళి, కూరల సంచీ పట్టుకుని ఆటోలో సత్యనారాయణపురం ఇంటికి వచ్చేశారు. రాత్రి తొమ్మిదింటికి స్కూటరు గుర్తొచ్చి, "నాకేదో అవుతోందమ్మా" అని మీ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. డాక్టరుగారు దిగులు (డిప్రెషన్) తగ్గడానికి ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టి మూడు వారాలైంది. "సెరటోనిన్ తక్కువైంది" అని ఒక్క ముక్కలో చెప్పి పంపారు. సెరటోనిన్ అంటే మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో ఒకటి. ల్యాబులో రక్తంలో సెరటోనిన్ చూసే పరీక్ష ఉందన్నారు. మీ బాబాయిగారేమో ఆ మాత్రలతో ఉన్న బుర్ర కూడా మొద్దుబారుతుందంటున్నారు. ఇంకెవరో రోజూ రెండు అరటిపళ్ళు పెట్టమన్నారు. ఇందులో ఏది నిజం అన్నది మీ ప్రశ్న.

నేను మందులు రాసే డాక్టర్ని కాదమ్మా. గుంటూరులో ఇరవై ఆరేళ్ళుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. జ్ఞాపకశక్తి పరీక్షలు చేయడమే నా రోజువారీ పని. మందు మొదలుపెట్టకముందు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి, ఆర్నెల్లకి ఒకసారి అదే మనిషిని అదే కుర్చీలో కూర్చోబెట్టి అవే రకం ప్రశ్నలు అడుగుతాను. ఏది మారుతుందో, ఏది మారదో కొంచెం దగ్గరగా చూసిన అనుభవంతో రాస్తున్నాను.

ముందు రక్తపరీక్ష సంగతి తేల్చేద్దాం, మీకు డబ్బులు మిగులుతాయి. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్ళ పైనే పేగుల్లో తయారై అక్కడే పనిచేస్తుంది. పేగుల నుంచి కొంత రక్తంలోకి వస్తే దాన్ని ప్లేట్‌లెట్లు పీల్చేసుకుని దాచుకుంటాయి. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక కాపలా గోడ ఉంది, సెరటోనిన్ దాన్ని దాటలేదు. మెదడు తనకు కావలసింది తనే వండుకుంటుంది. అంటే రక్తంలో అంకె చూసి మెదడు సంగతి చెప్పడం కుదరదు. ఆ పరీక్షకి వేరే పని ఉంది. కార్సినాయిడ్ అనే ఒక రకం కణుతులు సెరటోనిన్‌ని విపరీతంగా విడుదల చేస్తాయి, వాటిని పట్టుకోవడానికి వాడతారు. ఇంకో తమాషా వినండి. ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ని పీల్చుకునే దారినే ఎస్సిటలోప్రామ్ మూసేస్తుంది. కాబట్టి మాత్ర మొదలుపెట్టాక పరీక్ష చేయిస్తే రక్తంలో అంకె ఇంకా తగ్గి కనబడుతుంది. "మందు వేసుకున్నా తగ్గిపోయిందే" అని మీరు కొత్త టెన్షన్ పెట్టుకుంటారు. నా దగ్గరికి అలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చిన కుటుంబాన్ని చూశాను. ఆ కాగితం మీద ఎర్ర అక్షరాల్లో తక్కువ అని ఉంది. అది చదివిన ఆయన అప్పటికే దిగులుతో ఉన్న మనిషి, వారం రోజులు అన్నం మానేశాడు.

అరటిపండు కథా దాదాపు అంతే. అరటిపండులో సెరటోనిన్ నిజంగానే ఉంది, కానీ అది ఆ గోడ దాటదు. గోడ దాటేది ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు. పాలు, గుడ్లు, పప్పులు, వేరుశనగలు, అన్నిట్లో కొంత కొంత ఉంటుంది. అయితే అది దాటే తలుపు దగ్గర మరో అరడజను అమైనో ఆమ్లాలు కూడా క్యూలో ఉంటాయి. పప్పూ గుడ్డూ ఎక్కువ తింటే ట్రిప్టోఫానూ పెరుగుతుంది, దాని పోటీదారులూ పెరుగుతారు. చివరికి లోపలికి వెళ్ళేది పెద్దగా మారదు. మామూలుగా అన్నం తింటున్న మనిషికి తిండితో సెరటోనిన్ పెంచుతామనేది యూట్యూబ్ మాట.

ఇక అసలు విషయం. సెరటోనిన్‌కీ జ్ఞాపకానికీ సంబంధం ఉందా అంటే ఉంది, గట్టిగానే ఉంది. కానీ "తగ్గితే మరుపు, పెరిగితే గుర్తు" అన్నంత తేలిక లెక్క కాదు. బండిలో పెట్రోలులాగా ముల్లు చూసి చెప్పేది అసలే కాదు.

విజయవాడలో ఉన్నారు కాబట్టి బ్యారేజి పోలిక చెప్తాను. మెదడు కాండంలో, అంటే మెడకి పైన మెదడు మొదలయ్యే చోట, రాఫే కేంద్రకాలని చిన్న గుంపులున్నాయి. మెదడులో వేల కోట్ల కణాలుంటే సెరటోనిన్ తయారుచేసేవి అక్కడ కొన్ని లక్షలు మాత్రమే. కానీ వాటి తీగలు దాదాపు మెదడంతా పాకుతాయి. ప్రకాశం బ్యారేజి దగ్గర ఆపిన కృష్ణ నీళ్ళు ఏలూరు కాలువలో, రైవస్ కాలువలో, బందరు కాలువలో పడి ఎక్కడెక్కడికో పోయినట్టు. ఒకే నీరు. కానీ వరి మడిలో పాదం మునిగేలా నిలబడితే పంట, మిరప చేలో అలాగే నిలబడితే వేరుకుళ్ళు. నీరు ఏం చేస్తుందన్నది చేను మీద ఆధారపడుతుంది. మెదడులో ఆ చేలని, అంటే కణాల మీద సెరటోనిన్ వచ్చి తగులుకునే చోట్లని, రిసెప్టర్లు అంటారు. సెరటోనిన్‌కి ఇప్పటికి 14 రకాల రిసెప్టర్లు తెలుసు, ఏడు కుటుంబాలుగా. మీకు తెలిసిన మందులతోనే చెప్తాను. పిల్లలకి వాంతులైతే ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఒక రకం సెరటోనిన్ రిసెప్టర్‌ని మూసేస్తుంది. మైగ్రేన్‌కి వాడే సుమాట్రిప్టాన్ మరో రకాన్ని తట్టి లేపుతుంది. ఎల్‌ఎస్‌డి అనే మత్తుపదార్థం ఇంకో రకాన్ని రెచ్చగొట్టి లేనివి కనిపించేలా చేస్తుంది. పదార్థం పేరు ఒకటే, చేలు వేరు. అందుకే "సెరటోనిన్ పెంచాలి" అని ఎవరన్నా అంటే, ఎక్కడ, ఏ తలుపు ముందు అని అడగాలి.

ఈ పదార్థం దొరికిన కథ కూడా మెదడుతో మొదలవలేదు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ బీపీ గురించి వెతుకుతూ, రక్తనాళాలని బిగించే పదార్థంగా దీన్ని వేరుచేశారు. రక్తపు సీరంలో దొరికి నాళాలకి బిగువు ఇస్తుంది కాబట్టి ఆ పేరు. మెదడులోనూ ఉందని 1953లో బెట్టీ ట్వారోగ్ అనే యువ శాస్త్రవేత్త, పేజ్‌తో కలిసి చూపించింది. దీనికి జ్ఞాపకంతో ముడి వేసినవాళ్ళలో ముఖ్యుడు ఎరిక్ కాండెల్ అనే అమెరికా మెదడు శాస్త్రవేత్త. ఆయన ఎంచుకున్నది అప్లీసియా అనే సముద్రపు నత్తని. దాని తోక మీద చిన్న షాకు ఇస్తే, ఆ తర్వాత కాస్త ముట్టుకున్నా మొప్పని గబుక్కున ముడుచుకుంటుంది, అంటే దెబ్బని గుర్తుంచుకుంది. ఆ షాకు తగిలినప్పుడు లోపల విడుదలయ్యేది సెరటోనిన్. నత్త కణాలని గాజు పళ్ళెంలో పెంచి, షాకు లేకుండా సెరటోనిన్ చుక్కలే వేసి చూశారు. ఒకసారి వేస్తే ఆ బలం కాసేపే ఉంటుంది. మధ్య మధ్య విరామమిస్తూ అయిదుసార్లు వేస్తే ఒక రోజు దాటినా నిలుస్తుంది, కొత్త ప్రోటీన్లు తయారవుతాయి, కణాల మధ్య కొత్త అతుకులు పుడతాయి. మా ఎలిమెంటరీ బడి మాస్టారు ఎక్కాలు ఒకేసారి గంటసేపు కాక, పొద్దున కొంచెం, మధ్యాహ్నం కొంచెం, సాయంత్రం కొంచెం అప్పజెప్పించుకునేవారు. నత్త సంగతి ఆయనకి తెలియదు, పద్ధతి మాత్రం అదే. ఈ పనులకి కాండెల్‌కి 2000లో నోబెల్ వచ్చింది.

మనిషి దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం గందరగోళంగా ఉంటుంది, నాకు బాగా నచ్చేది ఇక్కడే. ట్రిప్టోఫాన్ తప్ప మిగతా అమైనో ఆమ్లాలన్నీ కలిపిన ఒక పానీయం ఉంది, రుచి ఘోరంగా ఉంటుందంటారు. అది తాగిస్తే కొన్ని గంటలపాటు మెదడులో సెరటోనిన్ తయారీ తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకి ఇచ్చి పదాల పట్టిక నేర్పితే, అరగంట తర్వాత అడిగినప్పుడు తక్కువ పదాలు చెప్పారు. కొత్తది మనసులో పాతుకోవడం దెబ్బతింది. ఇదే ప్రయోగాల్లో కొన్నింట్లో, ఒకే పని మీద దృష్టి నిలిపే పరీక్షలో మాత్రం వాళ్ళు ఇంతకుముందు కంటే బాగా చేశారు! ఒకటి తగ్గింది, ఒకటి పెరిగింది. మీ బాబాయిగారికీ, సెరటోనిన్ తక్కువైందన్న డాక్టరుగారికీ చెరి సగం మార్కులు ఇవ్వాల్సిన ఫలితం ఇది.

మరో ప్రయోగం, 2004లో కేంబ్రిడ్జిలో జరిగింది. మార్మొసెట్ అని చిన్న కోతులుంటాయి. రెండు బొమ్మలు చూపించి, ఒకదాన్ని తాకితే బహుమతి అని నేర్పారు. తర్వాత నియమం తిరగేశారు, ఇప్పుడు రెండోదానికి బహుమతి. మామూలు కోతి కొన్ని తప్పులు చేసి దారి మార్చుకుంటుంది. నుదుటి వెనక ఉండే మెదడు భాగంలో సెరటోనిన్ తీసేసిన కోతులు మాత్రం పాత బొమ్మనే పట్టుకుని వేలాడాయి. మొదట నేర్చుకోవడంలో లోపం లేదు, నేర్చుకున్నదాన్ని వదలడంలో ఉంది. నా గదిలో ఇది నేను రోజూ చూస్తాను. ఓసీడీ, అంటే ఒకే ఆలోచన, ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు, ఉన్న అమ్మాయి తాళం వేశానని తెలిసినా మళ్ళీ వెనక్కి వెళ్ళడం, దిగులులో ఉన్న మనిషి "ఆ రోజు ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే" అన్న ఒక్క మాట దగ్గరే ఏడాదిగా తిరగడం. మీ నాన్నగారు అమ్మగారి ఆఖరి రోజుల గురించే మళ్ళీ మళ్ళీ చెప్తున్నారని రాశారే, అది. బుర్ర అక్కడ ఇరుక్కుపోయి ఉంటే స్కూటరు ఎక్కడ పెట్టారన్నది లోపల నమోదు కాదు. నమోదు కానిది తర్వాత వెతికినా దొరకదు. బయటికి మాత్రం మతిమరుపులాగే కనిపిస్తుంది.

ఒక మనిషి గురించి చెప్తాను, ఆనవాలు తెలియకుండా కొంచెం మార్చి. మిర్చి యార్డులో గుమస్తా, 58 ఏళ్ళు. కాగితం లేకుండా లెక్కలు కట్టే మనిషని పేరు. కొడుకు యాక్సిడెంటు తర్వాత లెక్కలు తప్పడం మొదలైంది, షావుకారు మెల్లగా పక్కన పెట్టాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాను. "తొంభై మూడు" అన్నాడు. చాలాసేపు ఊరుకుని, "నావల్ల కాదండీ" అన్నాడు. అయిదు మాటలు చెప్పాను: బొబ్బట్టు, సైకిలు, గుడి, గొడుగు, నిమ్మకాయ. పది నిమిషాల తర్వాత అడిగితే ఒక్క సైకిలు చెప్పాడు. "తినేది ఒకటి ఉంది" అన్నాను. "ఆ, బొబ్బట్టు." "వానకి పట్టుకునేది?" "గొడుగు." అలా అందిస్తే అయిదూ వచ్చాయి. అంటే మాటలు లోపల ఉన్నాయి, తీసే చెయ్యి బలహీనంగా ఉంది. దిగులు వల్ల వచ్చే మరుపులో ఎక్కువగా కనిపించేది ఇదే. అల్జైమర్స్‌లో, అంటే మెదడు కణాలే మెల్లగా నశించే మతిమరుపు జబ్బులో, తరచు ఇలా ఉండదు. అందించినా ఆ మాట రాదు, పైగా "తినేదంటే ఇడ్లీ" అని నేను చెప్పని మాట ఒకటి వచ్చి పడుతుంది. ప్రశ్న అడగ్గానే పక్కన కూర్చున్న భార్య వైపు తిరిగి చూస్తారు, జవాబు ఆవిడ చెప్పాలన్నట్టు. ఆ మెడ తిప్పడాన్ని నేను మార్కుల కంటే ఎక్కువ నమ్ముతాను.

ఇంకో తేడా. దిగులులో ఉన్న మనిషి తన మరుపు గురించి తనే బాధపడతాడు. అల్జైమర్స్ ముదిరేకొద్దీ మనిషికి ఆ స్పృహే తగ్గుతుంది, బాధ ఇంట్లోవాళ్ళది. మీ నాన్నగారికి స్కూటరు సంగతి అదే రాత్రి తనంతట తనకే గుర్తు రావడం, సిగ్గుపడటం, ఏడవడం, ఇవి నాకు కాస్త ధైర్యమిచ్చే విషయాలు. బందరు బస్సుల టైములు ఇప్పటికీ గడగడా చెప్తారని రాశారు, దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. పాత సంగతులు అల్జైమర్స్‌లో కూడా చాలాకాలం చెక్కుచెదరవు. పొద్దున ఏం తిన్నారు, నిన్న ఎవరొచ్చారు అన్నవే అడగాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒకావిడకి మార్కులు చాలా తక్కువ వచ్చాయని డిమెన్షియా (అల్జైమర్స్‌లాంటి, మతి క్రమంగా పోయే జబ్బు) కావచ్చని రాసి పంపాను. ఆవిడకి ఉన్నది తీవ్రమైన డిప్రెషన్. అయిదు నెలల వైద్యం తర్వాత మార్కులు మామూలైపోయాయి. ఈలోగా నా కాగితం చూసి ఇంట్లోవాళ్ళు బ్యాంకు పుస్తకాలు, తాళాలు ఆవిడ చేతిలోంచి తీసేసుకున్నారు. అవి తిరిగి ఆవిడకి ఇప్పించడానికి మందుల కంటే ఎక్కువ కాలం పట్టింది. రెండో వైపు కూడా చెప్పాలి. అరవై దాటాక జీవితంలో మొదటిసారి వచ్చిన డిప్రెషన్ కొందరిలో డిమెన్షియాకి ముందు అడుగు కావచ్చు. అందుకే ఒక్క పరీక్షతో తీర్పు చెప్పను, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రమ్మంటాను.

డిప్రెషన్ అంటే సెరటోనిన్ తక్కువ కావడమే అన్న మాట గురించి. 2022లో లండన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలని గుదిగుచ్చి, అలా అనడానికి నిలకడైన ఆధారం లేదని ప్రచురించారు. పెద్ద గొడవ అయింది. మందులే దండగ అని కొందరు అర్థం తీశారు, అది ఆ కాగితం రుజువు చేసిన విషయం కాదు. పారాసిటమాల్‌తో జ్వరం తగ్గిందని, ఒంట్లో పారాసిటమాల్ తక్కువై జ్వరం వచ్చిందని ఎవరూ అనరు కదా. ఈ మాత్రలు సెరటోనిన్‌ని కణాల మధ్య ఎక్కువసేపు నిలబెడతాయి, అది మొదటి గంటల్లోనే మొదలవుతుంది. కానీ మనిషి తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో కణాలు రిసెప్టర్లని సర్దుకోవడం, కొత్త అతుకులు వేసుకోవడం లాంటివి జరుగుతాయని, ఎలుకల్లో అయితే హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలే పుడతాయని చూపించారు. హిప్పోక్యాంపస్ అంటే కొత్త జ్ఞాపకాలు దిగే రేవు.

కాబట్టి మూడు వారాలకి "ఏమీ తేడా లేదు" అని ఆపేయకండి. నిద్ర, ఆకలి ముందు సర్దుకుంటాయి, మనసు తర్వాత, ఆలోచన వేగం అన్నిటికంటే చివర. కొందరికి దిగులు పోయినా చురుకుదనం పూర్తిగా రాదు, దీన్ని డాక్టర్లు తక్కువగా పట్టించుకుంటారని నా ఫిర్యాదు. వోర్టియాక్సెటిన్ అనే మందు, సెరటోనిన్ దారిని మూయడంతోపాటు కొన్ని రిసెప్టర్ల మీద నేరుగా పనిచేస్తుంది. గుర్తులకి అంకెలు జతచేసే వేగం పరీక్షలో అది కొంత మేలు చూపింది. కొంతే. ఎస్సిటలోప్రామ్‌తో బాగున్న మనిషికి దీనికోసం మందు మార్చమని నేను అడగను.

మీ బాబాయిగారి మాటకి వస్తే, ఆయన చెప్పింది గాలి మాట కాదు. ఈ రకం మాత్రల మీద కొందరికి "ఏడుపూ రాదు, నవ్వూ రాదు, అన్నీ ఒకేలా ఉన్నాయి" అనిపిస్తుంది. ఇది మోతాదుని బట్టి మారుతుంది, డాక్టరుకి చెప్తే సర్దుతారు. జ్ఞాపకం చెరిగిపోవడం మాత్రం వేరే సంగతి, దానికి ఎస్సిటలోప్రామ్ కంటే ముందు అనుమానించాల్సినవి మీ ఇంట్లోనే ఉన్నాయి. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అడిగి అల్‌ప్రాజొలామ్ తెచ్చుకుంటున్నారని చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నా దృష్టిలో మీ ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం అదే. ఆ మాత్ర కొత్త జ్ఞాపకాలని పాతుకోనివ్వదు, అది దాని స్వభావం. నెలల తరబడి వేసుకుంటుంటే హఠాత్తుగా ఆపినా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నరాల నొప్పులకో నిద్రకో ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఇవి కూడా పెద్దవాళ్ళ బుర్రని మసకబారుస్తాయి. నేరం వీటిది, నింద సెరటోనిన్ మాత్రకి.

అయితే ఎస్సిటలోప్రామ్ చేసే ఒక పని ఉంది, దాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయకండి. సోడియం తగ్గడం. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా మొదటి నెలలో, ఈ మాత్రల వల్ల రక్తంలో సోడియం పడిపోవచ్చు. మామూలుగా 135 నుంచి 145 ఉండాలి. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్‌గానీ క్లోర్తాలిడోన్‌గానీ కలిసి ఉంటే ప్రమాదం ఎక్కువ, మన దగ్గర రాసే జంట మాత్రల్లో చాలావాటిలో అది ఉంటుంది. తెనాలి వైపు నుంచి ఒక పెద్దావిడని మే నెలలో తీసుకొచ్చారు. బీపీ అని ఉప్పు మానేసింది, ఎండలని బిందెడు నీళ్ళు తాగుతోంది, దిగులుకి మాత్ర మొదలుపెట్టి పన్నెండు రోజులు. కోడలిని పోల్చుకోలేకపోతోంది. మతి పోయిందని ఇంట్లోవాళ్ళు తీర్మానించేసి, జ్ఞాపకశక్తి పరీక్ష కోసం నా దగ్గరికి తెచ్చారు. నేను కాగితం తీయకుండానే క్యాజువాలిటీకి పంపాను. సోడియం 118. మెల్లగా సరిచేశాక నాలుగో రోజుకి కోడలిని పేరు పెట్టి పిలిచి కాఫీలో పంచదార తక్కువైందని కోప్పడింది. నెలల తరబడి మెల్లగా వచ్చే మరుపుకీ, రోజుల్లో ముంచుకొచ్చే గందరగోళానికీ తేడా ఇది. రెండోది ఎప్పుడూ అత్యవసరమే.

ఇంకో జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పేస్తాను. నడుం నొప్పికి ట్రమడాల్ ఎవరన్నా రాస్తే, ఎస్సిటలోప్రామ్ వేసుకుంటున్నారని చెప్పండి. రెండూ కలిస్తే సెరటోనిన్ మితిమీరి చెమటలు, వణుకు, జ్వరం, కంగారు రావచ్చు. రక్తం పల్చబడే ఆస్పిరిన్ వాడుతుంటే కూడా డాక్టరుకి తెలియాలి. ఆయన వయసుకి రోజుకి 10 మిల్లీగ్రాములే సాధారణంగా సరిపోయే మోతాదు, "పనిచేయట్లేదు" అని మీరే రెండు వేయకండి.

మిగతా జబ్బుల సంగతి కూడా అడిగారు. పార్కిన్సన్స్‌లో వణుకు మొదలవడానికి ముందే రాఫే కణాల్లో జబ్బు గూడు కట్టుకుంటుందని చనిపోయినవారి మెదళ్ళు పరీక్షించి చెప్పారు. చేతులు వణకడానికి ముందు కొందరిలో దిగులు కనిపించడానికి అదొక కారణం కావచ్చు. స్కిజోఫ్రీనియా మందుల్లో చాలావి ఒక సెరటోనిన్ రిసెప్టర్‌ని కూడా మూస్తాయి, దానివల్ల ఆలోచనాశక్తి బాగుపడుతుందనుకున్న ఆశ పెద్దగా నెరవేరలేదు.

అల్జైమర్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మీ భయం అదే కాబట్టి. ఆ జబ్బులో సెరటోనిన్ తీగలు నిజంగానే రాలిపోతాయి. తేలికపాటి మరుపు దశలోనే అది మొదలవుతుందని స్కానుల్లో చూశారు. అయితే సెరటోనిన్‌ని సరిచేస్తే జ్ఞాపకం తిరిగి రావాలి కదా? అలా అనుకునే, ఒక సెరటోనిన్ రిసెప్టర్‌ని మూసే ఇడలోపిర్డిన్ అనే మందుతో మూడు పెద్ద ప్రయోగాలు చేశారు, సుమారు 2,500 మంది రోగుల మీద. ఖాళీ మాత్రకీ దానికీ తేడా రాలేదు. 2018లో ఫలితాలు బయటికి వచ్చాయి. అంతకుముందు 2014లో, అల్జైమర్స్ వల్ల చిరాకు, గొడవ ఎక్కువైనవాళ్ళకి సిటలోప్రామ్ ఇచ్చి చూశారు, మీ నాన్నగారి మాత్రకి అన్నలాంటిది. గొడవ తగ్గింది. జ్ఞాపకం మార్కులు మాత్రం కొంచెం పడ్డాయి, గుండె లయలో మార్పూ కనిపించింది. ఒకే రకం మందు డిప్రెషన్ మరుపులో మేలు, అల్జైమర్స్ మరుపులో ఉపయోగం లేకపోగా కొంచెం కీడు. కాలువ అదే, చేలు వేరు. ముందు ఏ రకం మరుపో తేలకుండా సెరటోనిన్ గురించి వాదించుకోవడం అనవసరమని నేననేది అందుకే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ వారంలోనే సోడియం, దాంతోపాటు బి12, థైరాయిడ్, షుగరు చూపించండి. పరగడుపున ఒకే రక్తంతో అన్నీ అయిపోతాయి. శాకాహారులకీ, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకీ బి12 తగ్గడం మామూలు, దానివల్లా మరుపు వస్తుంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, బీరువా మీదవి, దిండు కిందవి, జేబులోవి, ఒక సంచిలో వేసి డాక్టరుగారి బల్ల మీద గుమ్మరించండి. పేర్లు చెప్తే సగం మరిచిపోతారు, సంచి మరిచిపోదు. చెవి పరీక్ష కూడా చేయించండి. ముప్పై ఏళ్ళు బస్సు ఇంజన్ల మధ్య, బస్టాండు మైకుల మధ్య గడిపిన మనిషి, సగం మాటలు వినపడకే మరిచిపోతున్నట్టు కనిపించవచ్చు.

ఒక నోటు పుస్తకంలో రోజుకి రెండు లైన్లు రాయండి. ఏం మరిచిపోయారు, అందిస్తే గుర్తొచ్చిందా లేదా, అంతే. "ఈ మధ్య బాగా మరిచిపోతున్నారండీ" అనే మాట కంటే ఆ పుస్తకం వందరెట్లు పనికొస్తుంది. పుస్తకం ఆయన ముందు తెరవకండి. మందు మూడు నెలలు పూర్తయ్యాక విజయవాడలోనే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. తెలుగులో చేసేవాళ్ళ దగ్గరే చేయించండి. ఇంగ్లీషు కాగితం చూసి అక్కడికక్కడే అనువదించి అడిగితే, తెలివైన మనిషికీ మార్కులు పోతాయి. ఈలోగా ఆయన బతుకు మీద విరక్తిగా మాట్లాడితే వాయిదా వేయకండి, 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా.

ఆ గుమస్తా సంగతి చెప్పడం మరిచిపోయాను. ఆయనకి డిప్రెషన్ మందుతోపాటు కౌన్సెలింగ్ కూడా నడిచింది. ఏడో నెలలో వచ్చినప్పుడు నేను మామూలు ప్రశ్నలు పక్కనపెట్టి, "38 టిక్కీలు (మిర్చి బస్తాలు), ఒక్కోటి 42 కిలోలు" అన్నాను. ఆయన నా వెనక గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, నేను పెన్ను ఎత్తేలోపలే "పదిహేను వందల తొంభై ఆరు" అన్నాడు. తర్వాత, "తరుగు తీసేయాలా అండీ?" అని అడిగాడు.

రిపోర్టులు వచ్చాక సోడియం, బి12 అంకెలు, బీపీ మాత్ర పూర్తి పేరు నాకు రాయండి. అరటిపండు ఆయనకి ఇష్టమైతే పెట్టండి, షుగరు ఎంతుందో చూసుకుని.